నేను మెచ్చుకున్న మేక

నేను వెళ్ళి వచ్చింది ఖతార్ అని ఎంత చెప్పినా మా వీధిలో ఎవరూ వినరు. "దుబాయ్ ఎలా ఉందండీ?" అనే అడుగుతారు. మొదట్లో కాగితం మీద పటం గీసి మరీ తేడా చెప్పేవాణ్ణి. తరవాత మానేశాను. వెళ్ళకముందు నాకూ ఆ తేడా తెలియదు కనక కోప్పడే హక్కు నాకు లేదు.

నిజానికి నేను చూడాలనుకున్నది ఆ రెండూ కాదు. మా ఆఫీసులో పక్క సీటు శర్మగారు ఆ వేసవిలో జర్మనీలో ఉన్న అన్నగారింటికి వెళ్ళి, చుట్టుపక్కల దేశాలు కూడా చూసి, లావుపాటి ఆల్బమ్‌తో తిరిగొచ్చారు. కొండవాలున పల్లెలు, ఎర్రపెంకుల ఇళ్ళు, ప్రతి కిటికీ కింద పూలకుండీలు, ఆవు మెడలో గుడిగంటంత గంట. మేం కరెంటు కోత గురించి మాట్లాడుకుంటున్నా ఆయన దాన్ని ఎలాగో ఆ పల్లెలకు తీసుకెళ్ళిపోయేవారు. నాకు అసూయ పుట్టింది. అసూయ అంటే కాస్త మర్యాదగా ఉంది, కుళ్ళు అనాలి. యూరప్‌లో మాకెవరూ లేరు. దోహాలో మా చెల్లెలు విజయ ఉంది. విదేశం విదేశమే, అక్కడా పల్లెలుంటాయి కదా అని ఒక కెమెరా ఎరువు తెచ్చుకుని డిసెంబరులో బయల్దేరాను.

మా ఆవిడ విమానమంటే భయమని రానంది. గడప దిగుతుంటే మాత్రం, "అక్కడ మీ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి" అంది. ఆవిడ భయం విమానం గురించి కాదని అప్పుడర్థమైంది.

నా నోటికో జబ్బుంది. ఎదుటివాళ్ళని మెచ్చుకోకుండా ఉండలేను. కొత్త అధికారి వస్తే ఆయన చొక్కా బావుందంటాను. చొక్కా మరీ బాగాలేకపోతే గుండీలు బావున్నాయంటాను. అది మర్యాద అని అనుకునేవాణ్ణి. అది నిజం చెప్పే కష్టం తప్పించుకునే బద్ధకమని ఖతార్‌లో తెలిసింది.

నజ్మాలో మూడో అంతస్తు

ఎడారి అంటే ఎండ అనుకుని చలిబట్టలు తీసుకెళ్ళలేదు. దోహా విమానాశ్రయం బయట నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే విజయ భర్త, మా బావ ప్రసాద్‌గారు తన స్వెట్టర్ విప్పి తొడిగారు. ఆయన సన్నగా ఉంటారు. నేను ఉండను. రెండు వారాల పాటు ఆ స్వెట్టర్లో నేను తాడు బిగించిన బియ్యం బస్తాలా తిరిగాను.

వాళ్ళుండే నజ్మా పాత పేట. వీధి పొడుగునా మన హోటళ్ళు, డబ్బు మార్చే కొట్లు, గదికి ఆరుగురు చొప్పున ఉండే మనుషులు. మెట్ల దగ్గర వాచ్‌మన్ రాజన్న నా సూట్‌కేసు అందుకున్నాడు.

"ఏ ఊరు సారూ మీది? అమలాపురమా? మాది జగిత్యాల దిక్కు. ఏందీ గింత బరువుంది, ఇటుకలు తెచ్చిన్రా?"

"ఆవకాయ."

"అట్లనా! గట్లయితే మెల్లగ వట్టుకుంట" అని దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని మూడంతస్తులూ ఎక్కాడు.

ఇల్లంటే రెండు గదులు, ఒక బాల్కనీ. బాల్కనీలో నూనె డబ్బాలో కరివేపాకు మొక్క. విజయ ఈ దేశం వచ్చినప్పుడు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న పిలక అది. నాలుగేళ్ళలో నడుమెత్తు పెరిగింది. బజార్లో కరివేపాకు దొరుకుతుంది గానీ గుప్పెడు రెబ్బలు రెండు రియాళ్ళు. మన లెక్కలో పద్దెనిమిది రూపాయలకు పైనే. నేను ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకుంటుంటే విజయ నవ్వేది. "మార్చకు అన్నయ్యా. మార్చుకుంటే ఇక్కడ మంచినీళ్ళు కూడా దిగవు." ఆ పేటలో ఏ తెలుగింట్లో పోపు పెట్టాలన్నా ఈ బాల్కనీ దగ్గరికే వచ్చేవారు. గిన్నె పట్టుకుని వచ్చినవాళ్ళు అరగంట కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆ మొక్క ఆకులతో పాటు మనుషుల్ని కూడా తెచ్చేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. మా బావ ఒక చిన్న కట్టుబడి కంపెనీలో అకౌంటెంటు. యజమాని అబూ నాసర్ అనే పెద్దాయన. పని తగ్గింది కనక స్టాఫ్‌లో కొందరి ఫ్యామిలీ వీసాలు ఇక పొడిగించకూడదనుకుంటున్నారు. విజయ పేరు కూడా అందులో ఉండొచ్చు. ఆయన సంతకం పెడితే ఉంటుంది, లేకపోతే నాతో పాటే తిరుగు విమానం ఎక్కాలి.

"ఆయన శుక్రవారం మనల్ని తోటకి పిలిచారు బావగారూ" అన్నారు ప్రసాద్‌గారు. "ఇండియా నించి మా బంధువు వచ్చారంటే చూడాలన్నారు. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు."

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకు తెలియదు. విజయకు తెలుసు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నావైపు చూసింది.

సూక్‌లో అత్తరు

మర్నాడు పాత బజారుకి వెళ్ళాం. దాన్ని సూక్ అంటారు. ఇరుకు సందులు, గోనెసంచుల్లో ఎండు నిమ్మకాయలు, పంజరాల్లో చిలకలు, తోపుడుబండ్లతో పరిగెత్తే ముసలి కూలీలు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కొట్లన్నీ దబదబా మూసేసి నిద్రపోయారు. మా అమలాపురంలో కూడా ఈ పద్ధతి పెడితే ఎంత బావుంటుందో అనిపించింది. తరవాత ఆలోచిస్తే మా ఆఫీసులో అది ఎప్పటినించో ఉంది.

సాయంత్రం తెరిచాక ఒక అత్తరు కొట్టు ముందు ఆగాను. కొనే ఉద్దేశం లేదు. చిన్న సీసా యాభై రియాళ్ళు. కొనకుండా పోవడం బాగుండదని, "వాహ్, ఏం సువాసన!" అన్నాను. కొట్టతను సంతోషపడి నా ఎడమచేతికి రాశాడు. దాన్నీ మెచ్చుకున్నాను. కుడిచేతికి రాశాడు. తరవాత చెవుల వెనక, మెడకు, చివరికి స్వెట్టర్‌కు. ఊదు, కస్తూరి, గులాబీ, ఇంకా పేరు తెలియనివి. ఇంటికొచ్చేసరికి మేనకోడలు స్వాతి, ఆరేళ్ళది, ముక్కు మూసుకుని, "అమ్మా, మామయ్య పెళ్ళి పందిరిలా వాసనొస్తున్నాడు" అంది.

ఇది నాకు హెచ్చరిక. నేను పట్టించుకోలేదు.

వక్రాలో నేను వెతికిన పల్లె

గురువారం దోహాకు దక్షిణాన సముద్రం ఒడ్డునున్న అల్ వక్రాకి తీసుకెళ్ళారు. ఒకప్పటి జాలర్ల ఊరు. సముద్రపు రాయీ మట్టీ కలిపి కట్టిన పాత ఇళ్ళు సగం కూలి ఉన్నాయి. వాటి వెనక కొత్త ఇళ్ళు, వాటి ముందు కొత్త కార్లు. చెక్క పడవలు నీళ్ళలో మెల్లగా ఊగుతున్నాయి. నేను కెమెరా పట్టుకుని ప్రతి కిటికీ కిందా పూలకుండీ కోసం వెతికాను. చివరికి ఒక గూట్లో పాలపొడి డబ్బాలో వేసిన తులసి లాంటి మొక్క కనబడితే మూడు ఫోటోలు తీశాను.

ఒక గోడ నీడన ముసలాయన తీగతో చేపల బుట్ట అల్లుతున్నాడు. నన్ను చూసి నేల మీద చాప చరిచి కూర్చోమని సైగ చేసి, ఖర్జూరాల పళ్ళెం జరిపాడు. నాకు అరబీ రాదు, ఆయనకు మరేదీ రాదు. ఆయన బుట్ట మెచ్చుకుందామని నోరు తెరిచాను. నోట్లో ఖర్జూరం ఉండటం వల్ల మాట రాలేదు. మేమిద్దరం చాలాసేపు ఊరికే కూర్చున్నాం. ఆ ప్రయాణం మొత్తంలో నేను ఎవరికీ నష్టం చెయ్యని గంట అదొక్కటే.

తోటలో శుక్రవారం

అబూ నాసర్‌గారి డ్రైవర్ ఖాదర్ బాషా మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. రాయచోటి మనిషి. ఉత్తరాన జుబారా కోట చూసి, వచ్చేటప్పుడు తోటకి వెళ్ళాలని ఏర్పాటు. ఇసకలో ఒంటరిగా నిలబడ్డ ఆ కోట లోపల చల్లగా, బయట గాలి హోరుగా ఉంది. తలుపు బావుందని కాపలా పోలీసుకు చెప్పాను. అతను తల ఊపి తలుపు మూసేశాడు.

కార్లో తిరిగి వస్తుంటే ఖాదర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోవాకండి. మా యజమాని బాబా ఇంట్లో ఏదీ బాగుండాదని మాత్రం అనవాకండి. పోయినేడు ఒకాయప్ప గడియారం బాగుండాదన్న్యాడు. బాబా అప్పుడే చేతి నుంచి తీసి ఆయప్ప చేతికి పెట్టేసినాడు. వద్దంటే వినల్యా."

"మెచ్చుకుంటే ఇచ్చేస్తారా?"

"ఈళ్ళ మర్యాద అట్లుంటాది సార్. కన్ను పడిన వస్తువు ఉంచుకోరు."

అది మనకు మాత్రం తెలియనిదా? మా కోనసీమలో ఎవరి గేదె పొదుగైనా చూసి బావుందంటే, వాళ్ళు మనం వీధి మలుపు తిరక్కముందే ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తారు. మనం మిరపకాయలతో సరిపెడతాం, వీళ్ళు వస్తువే ఇచ్చేస్తారు. అంతే తేడా. ఇంత తెలిసీ నేను చేసిన పని చూడండి.

అబూ నాసర్ తెల్లగడ్డం, గంభీరమైన మనిషి. వాళ్ళ నాన్నగారు ముత్యాలమ్మడానికి బొంబాయి వచ్చేవారట. ఈయన కూడా చిన్నప్పుడు వెంట వచ్చాడట. అందుకని బొంబాయి హిందీ మాట్లాడతాడు. నాది రేడియో వార్తలు విని నేర్చుకున్న హిందీ. రెండూ ఒకదానికొకటి బాగానే అర్థమయ్యాయి.

మజ్లిస్ అనే పెద్ద హాల్లో గోడల వెంట దిండ్లకు ఆనుకుని కూర్చోబెట్టారు. చిన్న చిన్న కప్పుల్లో యాలకుల చేదు కాఫీ. చాలనిపిస్తే కప్పు ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. మన ఇళ్ళలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేస్తారు కనక నాకు నమ్మకం కలగలేదు. అయినా మూడో కప్పు తరవాత ఊపాను. నిజంగానే ఆపేశారు. ఆ విజయంతో నాకు కొంచెం గర్వం వచ్చింది.

తివాచీ చూశాను, నోరెత్తలేదు. గోడ మీది వెండిపిడి బాకు చూశాను, నాలుక కరుచుకున్నాను. ముంజేతి మీద డేగను తెచ్చి చూపించారు. పైకప్పు చూస్తూ కూర్చున్నాను. మా బావ నన్ను ఆప్యాయంగా చూశారు. కానీ లోపల నా పరిస్థితి మూతబిగించిన ప్రెషర్ కుక్కర్‌లా ఉంది. ఇంత పెద్దమనిషి ఇన్ని చూపిస్తుంటే రాయిలా కూర్చోవడం అవమానం కాదా? అసలు సంతకం పెట్టాలనుకున్నవాడు కూడా మనసు మార్చుకోడా?

అప్పుడు తోట వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ మేకల దొడ్డి. ఒక మేక కంచెలోంచి తల బయటపెట్టి ఎవరిదో చెప్పు నములుతోంది. నా బుర్రలో ఒక మెరుపు. తివాచీ మెచ్చుకుంటే ఇస్తాడు, బాకు మెచ్చుకుంటే ఇస్తాడు. మేకను ఎవరిస్తారు?

కుక్కర్ మూత లేచిపోయింది.

"వాహ్! ఏం మేకండీ! ఆ చెవులు చూడండి, అరిటాకుల్లా. ఆ నడక! ఆ చూపులో ఎంత తెలివి! మా దేశంలో ఇన్ని మేకల్ని చూశాను గానీ ఇలాంటిది నా జన్మలో చూడలేదు!"

ఖాదర్ కళ్ళు మూసుకున్నాడు. మా బావ ముఖంలో నెత్తురు లేదు. అబూ నాసర్ మేకను, నన్ను, మళ్ళీ మేకను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు.

కారెక్కాక ఖాదర్ అన్నాడు: "చెప్తిని కదా సార్. అన్నిటికీ నోరు మూసుకున్న్యారు. మేక కాడ ఏమొచ్చింది సార్ మీకు?"

బాల్కనీలో

మర్నాడు పొద్దున పికప్‌లో మేక దిగింది. వెంట గడ్డి మోపు, ఖర్జూరాల బుట్ట. అతిథి గౌరవార్థం కోసి విందు చేసుకోమని కబురు. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టుకోరు.

రాజన్న మెట్ల మీద రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. "ఏందిది సారూ! బిల్డింగుల మేకనా? ఓనరు జూస్తే నా డ్యూటీ పోతది!"

"ఒక్కరోజే రాజన్నా."

"మేక కెరుకనా ఒక్కరోజని?"

మేకకు రాజన్న కంటే తొందర ఎక్కువ. అతని చంక కిందనించి దూరి మూడంతస్తులూ ఎక్కేసింది. స్వాతి దానికి మహారాణి అని పేరు పెట్టింది. బాల్కనీలో కట్టి తలుపేసి, లోపల కూర్చుని ఆలోచించాం. తిరిగిస్తే అవమానం. ఎవరికైనా ఇచ్చేస్తే ఆయనకు తెలుస్తుంది. కొయ్యడానికి మనసొప్పదు. మా బావ తల పట్టుకుని ఒక ఉపాయం చెప్పారు. రాజన్నకిస్తే కూలీల క్యాంపులో వాళ్ళు వండుకుంటారు. సాయంత్రం మేం అబూ నాసర్ దగ్గరికెళ్ళి, తిన్నాం, అద్భుతంగా ఉందని చెప్పాలి.

"అది నాకు వదిలెయ్యండి బావగారూ" అన్నాను. "ఎంత మెత్తగా ఉందో, ఎంత రుచిగా ఉందో ఆయనకే నోరూరేలా చెప్తాను." చెప్పడం మొదలుపెట్టాను కూడా. జన్మలో మాంసం ముట్టని నేను నల్లిబొక్క గురించి ఉపన్యసిస్తుంటే, విజయ బాల్కనీ తలుపు తీసింది.

కరివేపాకు మొక్క లేదు. డబ్బాలో జానెడు మోడుంది. మహారాణి ఆఖరి రెబ్బ తాపీగా నములుతోంది.

విజయ డబ్బా పక్కన చతికిలబడి మోడును వేలితో తడిమింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"పోనీలే అమ్మా, భలే మొక్క. మళ్ళీ..." అన్నాను.

"అన్నయ్యా, దాన్ని కూడా మెచ్చుకోకు."

నేను నోరు మూసుకున్నాను.

"ఇప్పుడు ఆయన దగ్గరికెళ్ళి ఇంకో పొగడ్త చదువుతావా? తినని మాంసం బావుందంటావా? ఆయన మంచిగా ఇచ్చాడు. ఉంచితే ఉంటాం, పంపేస్తే నీతోనే వచ్చేస్తాం. నువ్వు మాత్రం వెళ్ళి నిజం చెప్పు. నీ నోటితో ఒక్కసారి నిజం విని వెళ్తాను ఇక్కడినించి."

మళ్ళీ మజ్లిస్‌లో

పికప్‌లో వెనక మేక, ముందు ఖాదర్, మా బావ, నేను. అత్తరు, మేక కలిసి నా స్వెట్టర్ వాసన వర్ణించలేను.

అబూ నాసర్ ఒక్కడే ఉన్నాడు. కాఫీ వచ్చింది. నేను కప్పు పట్టుకోకుండానే మొదలుపెట్టాను. "మీ మేక గురించి నేను చెప్పిందంతా అబద్ధం. నాకు మేకల గురించి ఏమీ తెలియదు. మేం మాంసం తినం. మీకు నచ్చాలని అన్నాను. మా చెల్లెల్ని ఇక్కడ ఉండనిస్తారేమోనని అన్నాను. నాది దోషం. వీళ్ళది కాదు."

మా బావ నేల చూస్తున్నారు. అబూ నాసర్ గడ్డం దువ్వుకున్నాడు.

"చెవులు?" అన్నాడు.

"ఏమిటండీ?"

"చెవులు బావున్నాయన్నావు. అది కూడా అబద్ధమేనా?"

ఆలోచించాను. "చెవులు నిజంగానే బావున్నాయి."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలుసుకోవడానికి కొంత సమయం పట్టింది. "ఆ మేక పాలివ్వదు. తాడు తెంచుకుంటుంది. నావి మూడు జతల చెప్పులు తింది. ఎవరికిద్దామన్నా తీసుకునేవాడు లేడు. నువ్వు మెచ్చుకునేసరికి అల్లా పంపించాడనుకుని వదిలించుకున్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వొక అబద్ధం, నేనొకటి. సరిపోయింది."

"అయితే వెనక్కి తీసుకుంటారా?"

"ఇచ్చింది తీసుకోను. మేక నీదే. నా దొడ్లో ఉంటుంది, గడ్డి నాది." మా బావవైపు తిరిగాడు. అప్పటిదాకా ఆయనతో ఒక్కమాట మాట్లాడలేదు. "ఇతను ఇండియా వెళ్ళిపోతాడు. మేకకు ఈ దేశంలో సొంతవాళ్ళెవరూ లేకపోతే ఎలా? ఇతని చెల్లెలు ఉండాలి. ఆ కాగితం రేపు పట్టుకురా."

మా బావ లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు. బయటికొచ్చాక, "నాలుగేళ్ళు పైసా తేడా రాకుండా లెక్కలు రాశాను బావగారూ. చివరికి మేక పేరు మీద నా కాపురం నిలబడింది" అన్నారు. నవ్వారా ఏడ్చారా అనేది చీకట్లో కనబడలేదు.

వచ్చే ముందు తోటకెళ్ళి మహారాణికి ఒక ఫోటో తీశాను. కెమెరా పట్టీ తినబోయింది గానీ, బాగా వచ్చింది.

ఆల్బమ్

ఊరికొచ్చి ఫోటోలు కడిగిస్తే ముప్పావు వంతు తెల్లటి ఇసక, తెల్లటి ఆకాశం. రెండిటి మధ్య గీత ఎక్కడో తెలియదు. పాలపొడి డబ్బా మొక్క మూడుసార్లు. అయినా ఆల్బమ్ ఆఫీసుకు పట్టుకెళ్ళాను. శర్మగారి పల్లెలతో పోటీకి కాదు. అది పోటీకి నిలబడదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

అంతకు ముందు ఆదివారమే విజయ ఫోన్ చేసింది. మోడు పక్కనించి రెండు చిగుళ్ళు వేసిందట. కొత్తగా ఎవరు వచ్చినా, స్వాతి మహారాణి కథ చెప్పి మరీ పంపిస్తోందట.

శర్మగారు ఒక్కో పేజీ మర్యాదగా తిప్పారు. ఇసక దగ్గర ఏమీ అనలేదు. చివరి పేజీ దగ్గర ఆగి కళ్ళజోడు సవరించుకున్నారు.

"అబ్బ, ఏం మేకండీ! ఆ చెవులు చూశారా? భలే ఉందే!"

మెచ్చుకుంటే ఇచ్చెయ్యాలి. నేనిప్పుడు ఆ మర్యాద తెలిసినవాణ్ణి. "తీసుకోండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు, నా నోటితో ఒక్కసారి నిజం వినాలన్న విజయ గుర్తొచ్చింది.

"ఇది మాత్రం ఇవ్వలేనండీ" అన్నాను ఆల్బమ్ మూస్తూ.

శర్మగారు నన్ను వింతగా చూశారు. ఆయన అడగలేదు కదా మరి.